నిప్పు పద్దు

కలిస్టో చుట్టూ తిరిగే మా ఇంట్లో
గాలి లెక్కలు రాసేదాన్ని నేను.
ఎవరెంత పీల్చారు, ఎంత మిగిలింది.

మా అమ్మమ్మ కజఖ్ గడ్డిమైదానంలో
ఆకాశం నుంచి రాలిన రాకెట్ తొక్కలు ఏరి
గొర్రెలకు నీళ్ళ తొట్లు చేయించేది.
పైనుంచి పడ్డదేదీ ఊరికే పోనివ్వకు, అనేది.
నాకు అబ్బిన మతం అంతే.

పుస్తకం మొదటి పేజీలో నా చేతిరాత:
మనుషులు రెండువందల పన్నెండు.
కౌజుపిట్టలు పదకొండు.
నిప్పు, ఒకటి.

యజ్ద్ నుంచి వచ్చిన పద్నాలుగు కుటుంబాలు
టికెట్టు కొని మరీ ఎక్కించాయి దాన్ని.
నిప్పు కూడా మనిషంత గాలి తింటుంది,
కాబట్టి మనిషంత ఛార్జీ.

బరువు లేని చోట మంట నిలబడదు.
నాలుక లేదు, పొగ లేదు.
నేరేడు పండంత గుండ్రంగా
నీలమో కాదో తేలని రంగులో
గాజు గదిలో ఊరికే ఉంటుంది.
చిన్న ఫ్యానొకటి దానికి
గాలిని గోరుముద్దలుగా తినిపిస్తుంది.
గదిలో లైట్లుంటే అసలు కనబడదు.
చూశామనే అంటారు అందరూ.

ముసలి గోష్తాస్ప్ దాని దగ్గరికి పోతూ
మూతికి తెల్లగుడ్డ కట్టుకుంటాడు,
తన ఎంగిలి ఊపిరి తగలకుండా.

నాచు తొట్టి చచ్చిన ఏడాది
ఆ ఊపిరి దగ్గరే తగాదా.
"తామ్తా కడుపుతో ఉంది,
బిడ్డ గాలి ఎవరి ఖాతాలోంచి ఇస్తారు?"
డాక్టర్ లిగాయా అడిగింది నన్నే చూస్తూ.
యజ్ద్ వాళ్ళు తలలు దించుకున్నారు.
గోష్తాస్ప్ గుడ్డ విప్పి
"ఆర్పేయండి" అన్నాడు. గొంతు పెగల్లేదు.

లేచినవాడు నుగ్జార్, తామ్తా అన్న.
వెల్డరు. ఏ దేవుడికీ దండం పెట్టినవాడు కాడు.
"రోజుకో గంట కదలకుండా కూచుంటా.
మిగిలిన గాలి దాని పేర రాయి.
నాకు కూడు పెట్టింది నిప్పే."

మర్నాడు పదిమంది కూచున్నారు.
నెలకల్లా అందరూ.
ఒకరు పూసలు లెక్కబెడుతూ,
ఒకరు పాత అప్పులు లెక్కబెడుతూ,
కొందరు శుభ్రంగా నిద్రపోతూ.
పిట్టలొక్కటే మాట వినలేదు.
ఆ గంటలో మిగిలింది లెక్కేశాను:
నిప్పుకే కాదు, ఇంకో ముగ్గురికి సరిపడా.

బిడ్డ పుట్టడానికి పదకొండు రోజుల ముందు
నడిరాత్రి నా తలుపు తట్టాడు గోష్తాస్ప్.
ఫ్యాను ఆగిందట. ఎప్పుడో తెలియదట.
"కొండెక్కింది" అన్నాడు.
ఎక్కడానికి ఇక్కడ కొండేది, అనబోయి
అతని చేతులు చూసి ఊరుకున్నాను.
నుగ్జార్ టార్చితో వెలిగిద్దామన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
వందల ఏళ్ళుగా ఒకదాన్నించి ఒకటి
అంటుకుంటూ వచ్చింది అది.
అగ్గి దొరుకుతుంది. ఆ వరస దొరకదు.

పొద్దున పుస్తకం తెరిచి
చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.
కొట్టేస్తే, రేపు ఎవరు కూచుంటారు?
కూచోకపోతే ఆ బిడ్డకి ఏది?
తెల్లగుడ్డ కట్టుకుని
గోష్తాస్ప్ గాజు గదిలోకి వెళ్ళాడు,
రోజూలాగే.

అయిదేళ్ళయింది.
గంట కొట్టగానే అందరం ఆగిపోతాం.
కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పేది కూడా
ఆ కూచోవడమే.
తామ్తా కూతురు గాజుకి బుగ్గ ఆనించి
"ఇవాళ దానికి నిద్దరొస్తోంది" అంటుంది.
నేనూ ఒకసారి చెయ్యి పెట్టి చూశాను.
చల్లగానే ఉంది.
తీయడానికి మాత్రం మనసొప్పలేదు కాసేపు.

లెక్కల్లో నేను నిప్పులాంటి మనిషినని
ఇక్కడ పేరు.

సాయంత్రం కలం తీస్తాను.
మనుషులు రెండువందల పదమూడు.
కౌజుపిట్టలు తొమ్మిది.
నిప్పు,

ఒకటి.